కాయకమార్గమున నడచిన భాగ్యరెడ్డి వర్మ

బసవేశ్వరులు కల్యాణ నగరమున బిజ్జలుని భండారమునకు అధికారియై యుండియు శరణుల జీవనమును ఆ రాజభండారముపై నిలుపలేదు. పడవ నడుపు అంబిగర చౌడయ్య, బట్టలుతుకు మడివాళ మాచయ్య, త్రాళ్లు పేను నులియ చందయ్య తమ తమ కాయకముచేతనే జీవించి, దానినుండియే దాసోహమును సాగించిరి. హరళయ్య, మధువయ్యల బిడ్డల వివాహమునకు రాజు మరణదండన విధించిన వృత్తాంతము శరణ సంప్రదాయమున ప్రసిద్ధము. ఆనాడు సింహాసనముపై ఆశ నశించినది గాని, కాయకముపై విశ్వాసము నశింపలేదు.

ఆ మార్గమున నడచినవారు లింగధారులలోనే గాక వెలుపలను కలరు. హరళయ్యవలె అస్పృశ్యులనబడినవారి ఇంట, మన హైదరాబాదు నగరముననే జన్మించి, ప్రభుత్వము చేయని పనిని తన చేతులతో చేసి చూపిన శ్రీ మాదరి భాగ్యరెడ్డి వర్మగారు అట్టివారిలో అగ్రగణ్యులు.

వర్మగారు 1888 మే 22వ తేదీన జన్మించిరి. తొలిపేరు భాగయ్య. పేదరికమున పెరిగిరి. ఆయన సేవను మెచ్చి 1913లో ఆర్యసమాజమువారు వర్మ అను బిరుదము నొసంగిరి. తరువాతి కాలమున ఆయన మనస్సు బుద్ధ భగవానుని బోధలవైపు మరలినది. జన్మచే ఎవరును తక్కువవారు కారను సత్యము ఎచ్చట లభించినను ఆయన దానిని ఆదరించిరి.

ఆ కాలమున నిజాము సంస్థానములో ప్రజలలో అధికభాగము తెలుగు, మరాఠీ, కన్నడ భాషలు మాటలాడువారు. ప్రభుత్వ వ్యవహారము మాత్రము ఉర్దూలో సాగెడిది. అస్పృశ్యులనబడినవారి పిల్లలకు వారి భాషలో చదువు చెప్పించు బాధ్యతను ప్రభుత్వము పట్టించుకొనలేదు. పేటలో పుట్టిన బిడ్డ ఊహ తెలియగనే కూలికో వెట్టికో పోవలసినదే. పాలకుల నిర్లక్ష్యమును తలచి నిట్టూర్చుటకు ఎవరికైనను కారణములు కొల్లలుగా నుండెను. వర్మగారు నిట్టూర్చుచు కూర్చుండలేదు.

1906లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, ఆయన జగన్‌మిత్ర మండలిని స్థాపించిరి. చదువురాని వారికి కరపత్రములు పంచి ప్రయోజనము లేదు. కావున మండలి హరికథలను ఆశ్రయించినది. పేట నడుమ దీపము పెట్టి కథ చెప్పించి, ఆ కథలోనే శుచి, చదువు, ఆత్మగౌరవము అను విషయములను జనుల చెవిని వేయించిరి. 1911లో ఆ సంస్థ మన్య సంఘముగా మారినది.

1910లో ఇసామియా బజారులో తెలుగు పాఠశాల ప్రారంభమైనది. ప్రభుత్వపు ఉత్తరువుకొరకు ఎదురుచూడలేదు. రాజభవనమువంటి కట్టడముకొరకును ఎదురుచూడలేదు. ఒక బడి నిలిచిన పిమ్మట మరియొక బడి. ఇట్లు 1930వ దశకము నాటికి హైదరాబాదు, సికింద్రాబాదు ప్రాంతములలో అట్టి పాఠశాలలు 20కి మించినవి. వానిలో చదువు పిల్లలు 2,000కు మించిరి. ఒక్కొక్క బడి వెనుక ఎందరి రెక్కల కష్టము, ఎందరి చిన్న చిన్న చందాలు కలవో ఊహించుకొనవచ్చును.

ఆయన దృష్టి పరుల దోషములపైననే నిలువలేదు. తనవారిలోని మద్యపానమును, బాల్యవివాహములను, ఆడుబిడ్డలను దేవతల పేర జోగినులుగా విడుచు దురాచారమును నిర్దాక్షిణ్యముగా ఖండించిరి. తగవులు కచ్చేరికెక్కి ఇంటి సొమ్ము హరింపకుండ పంచాయతీల ద్వారా పరిష్కరించు ఏర్పాటు చేసిరి. ఇల్లు చక్కబడనిదే వీధి చక్కబడదని ఆయన ఎరుగుదురు.

1917లో బెజవాడలో జరిగిన మహాసభకు ఆయన అధ్యక్షత వహించిరి. పంచములను పేరును త్రోసిపుచ్చి, ఆది ఆంధ్రులను పేరును ఆ సభ స్వీకరించినది. తక్కువవారని ఇతరులు పెట్టిన పేరును మోయుటకంటె, ఈ నేలకు మొదటివారమని తమకు తామే పేరు పెట్టుకొనుట స్వావలంబనలో తొలిమెట్టు. నిజాము సంస్థానములో ఆది హిందువులను పేరుకొరకు ఆయన పట్టువిడువక పాటుపడగా, 1931 జనాభా లెక్కలలో ప్రభుత్వము ఆ పేరును నమోదు చేసినది. ఆ సంవత్సరముననే ఆయన భాగ్యనగర్ పత్రికను వెలువరించిరి.

ఇచ్చట గమనింపదగిన విషయ మొకటి కలదు. ప్రభుత్వమును నమ్మి కూర్చుండనివారు వర్మగారు. అట్లని ప్రభుత్వమును దాని బాధ్యతనుండి విడిచిపెట్టినవారును కారు. ఒక చేత వినతిపత్రము పట్టిరి. రెండవ చేత బడి నడిపిరి. వినతికి బదులు రాని దినములలోను బడి గంట మ్రోగుట మానలేదు. చివరకు ప్రభుత్వమే ఆ పాఠశాలలను తన అధీనమునకు తీసికొనవలసివచ్చినది. ప్రజలు ముందు నడువగా పాలకులు వెనుక వచ్చిరి. 1939 ఫిబ్రవరి 18వ తేదీన, ఏబదియేండ్ల వయస్సున వర్మగారు కాలధర్మము నొందిరి.

ఆయన లింగధారి కారు. బసవేశ్వరుల శిష్యునిగా చెప్పుకొనినవారును కారు. హరళయ్యను పూర్వులలో నొకనిగా స్మరించు మనకు ఈ చరిత్ర ఒక ప్రశ్నను వేయుచున్నది. ఆ పిల్లలకు బడి లేని నాడు తప్పు నిజాముదే యనుకొందుము. నాటి సంపన్న గృహముల వాకిళ్లు ఎన్ని తెరచుకొనినవి? ప్రభుత్వము విఫలమైన చోట సమాజమును విఫలమైనచో, ఆ భారమంతయు బాధితుని భుజములపైననే పడును.

నేడు గుడిమల్కాపూర్ వీథులలో మురుగు నిలిచినను, కచ్చేరిలో కాగితము కదలకున్నను కోపము వచ్చుట సహజమే. అడుగవలసినది గట్టిగా అడుగవలయును. అడిగి, ఇంటికి వచ్చి చేతులు ముడుచుకొనరాదు. ఆ పేట పూలబజారులో వేకువనే బుట్టలు దించు శ్రమజీవి ఎవరి ఉత్తరువుకొరకును వేచియుండడు. అతని బిడ్డకు సాయంకాలము ఒక గంట చదువు చెప్పుటకు మన ఇండ్లలోని విద్యావంతులకును ఏ ఉత్తరువు అవసరము లేదు. మఠపు మంటపము సాయంకాలము ఖాళీగా నున్నచో అదియే బడి కాగలదు. అది కాయకము, అదియే దాసోహము.

శరణు శరణార్థి.