గ్రావెల్ శిల్పి రామ్‌కింకర్

ఆధునిక కళ అంటే నాకు మొన్నమొన్నటిదాకా భయం. భయం అనడం కన్నా కోపం అంటేనే నిజం. బొమ్మలో ముక్కు వుండవలసిన చోట కన్ను వుంటుంది. సినిమాలో కథ వుండదు. సంగీతమని చెప్పి డబ్బాలు మోగిస్తారు. అర్థం కాలేదంటే పక్కనున్నవాడు జాలిగా చూస్తాడు. పల్లెటూరి నుంచి వచ్చి బి.యస్సీ. చదువుతున్న నా వంటి వాడికి ఆ జాలి చూపు భరించడం కష్టం. అలాంటి నేను రామ్‌కింకర్ బైజ్ గురించి రాయడమేమిటని మిత్రులు నవ్వుకోవచ్చు.

దీనికంతటికీ కారణం ఒక సినిమా. పోయిన ఏడాది ఒక సాయంత్రం సీనియర్లు కొందరు హాస్టల్లో ఋత్విక్ ఘటక్ తీసిన డాక్యుమెంటరీ వేశారు. రామ్‌కింకర్ మీద 1975లో తీస్తూ, అది పూర్తి కాకుండానే 1976 ఫిబ్రవరిలో ఘటక్ కన్నుమూశారు. అతుకుల బొంతలాంటి సినిమా. సగం మంది లేచి వెళ్ళిపోయారు. నేనూ లేవబోతున్నాను. అంతలో తెర మీద ఆ ముసలాయన, వానాకాలంలో యింటికప్పు కారుతుంటే తన రంగుల బొమ్మలే తీసి అడ్డం పెట్టిన సంగతి చెబుతున్నాడు. మా యింటి తాటాకు కప్పు కారితే మా అమ్మ ఎరువుల సంచులు కప్పించేది. ఇక లేవలేదు, కూర్చుండిపోయాను.

రామ్‌కింకర్ 1906లో బెంగాల్లోని బాంకురాలో పుట్టారు. క్షురక వృత్తి చేసుకుని బతికే పేద కుటుంబం. చిన్నప్పుడు వీధిలో మట్టి ప్రతిమలు చేసేవాళ్ళ దగ్గర కూర్చుని చూసి నేర్చుకున్నదే మొదటి చదువు. సహాయ నిరాకరణోద్యమం రోజుల్లో దేశనాయకుల బొమ్మలు గీశారు. ఆ కుర్రవాడి చేతివాటం గమనించిన పత్రికా సంపాదకుడు రామానంద ఛటర్జీ 1925లో ఆయన్ని శాంతినికేతన్ చేర్పించారు. అక్కడి కళాభవన్‌లో గురువు నందలాల్ బోస్. తర్వాత అక్కడే శిల్పం చెప్పే అధ్యాపకులయ్యారు.

అసలు సంగతి 1938 నాటిది. ఆ ఏట ఆయన కళాభవన్ ఆవరణలో, ఆరుబయట, నిలువెత్తుకు మించిన ‘సంతాల్ కుటుంబం’ నిలబెట్టారు. మగవాడి భుజాన కావడి, కావడి బుట్టలో పిల్ల, పక్కన భార్య, వెంట కుక్క. రాజుగారు కాదు, దేవుడు కాదు, దేశనాయకుడూ కాదు. ఆ చుట్టుపక్కల పొలాల్లో రోజూ కనబడే గిరిజన కూలీలు. వాళ్ళకి విగ్రహం ఏమిటని ఆ రోజుల్లో ఎవరైనా అనుకునే వుంటారు.

కంచు పోతపోయించడానికి డబ్బేదీ? అందుకని యినుప చువ్వలు కట్టి, సిమెంటులో అక్కడి నేలలో దొరికే ఎర్ర గులకరాయి కలిపి, గుప్పెళ్ళతో విసిరి విసిరి ఆకారం తెచ్చారు. ఆ గులకని మా వైపు గ్రావెల్ అంటాం, తెలంగాణ మిత్రులు మొరం అంటారు. మా ఊరి రోడ్డుకి పోసేది అదే. సిమెంటు ఆరితే గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు గానీ, అది ఆరడం కాదు, నీళ్ళతో జరిగే రసాయన చర్య. ఒకసారి కలిపాక అది మన కోసం ఆగదు. నున్నగా దిద్దుకుంటూ కూర్చోడానికి వ్యవధి వుండదు. ఆ బొమ్మల గరుకుతనం లోపమని నేననుకున్నాను. కెమిస్ట్రీ చదివీ నాకు ఆ మాత్రం తట్టలేదు!

1956లో ‘మిల్లు పిలుపు’ చేశారు. సైరన్ కూయగానే పరిగెత్తే యిద్దరు ఆడకూలీలు, గాలికి రెపరెపలాడే బట్టలు. సిమెంటు అంత తేలికగా వుండగలదని ఫోటోలో చూసినా నమ్మబుద్ధి కాదు.

ఢిల్లీలో రిజర్వు బ్యాంకు గుమ్మం దగ్గరున్న యక్షుడు, యక్షిణి కూడా ఆయన చేతి పనే. ఎత్తు 24 అడుగులు. 1950లలో ఒప్పుకున్న పని 1967కి గాని తెమల్లేదు. యక్షిణి బట్టలు లేకుండా వుందేమని పార్లమెంటులో అడిగారట. ఆవిడ చేతిలో ధాన్యపు వెన్నుల కట్ట వున్న సంగతి ఎంతమంది చూశారో! పంట రుణం కోసం బ్యాంకు చుట్టూ తిరిగే యింట్లో పుట్టినవాణ్ణి కాబట్టి నాకు మటుకు అదే ముందు కనిపించింది.

1970లో పద్మభూషణ్ వచ్చింది. 1980 ఆగస్టు 2న కలకత్తాలో పోయారు.

ఇక మా నాన్న సంగతి చెప్పాలి. మెస్సు డబ్బుల్లో మిగిల్చి రంగులు కొన్నానని దసరా సెలవుల్లో ఆయన నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు లైబ్రరీ పుస్తకం పట్టుకెళ్ళి, ‘సంతాల్ కుటుంబం’ ఫోటో ఆయన ముందు పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలీదు. తిడితే తిట్టనీ అనుకున్నాను.

చాలాసేపు చూశాడు. కావడి మోసేవాడి నడుము అలాగే వుంటుందన్నాడు. వీళ్ళు ఎక్కడికి పోతున్నారని అడిగాడు. కోతలకి కాబోలన్నాను. కాదన్నాడు. కోతలకి పోయేవాళ్ళు కుక్కని యింటి దగ్గర వదిలి పోతారట. కుక్క కూడా వెంట నడుస్తోందంటే వెనక్కి రావడానికి అక్కడ యిల్లు లేదన్నమాటేనట. వలస అనే మాట పుస్తకంలోనూ వుంది, నేను చదివాను కూడా. కానీ అన్నిసార్లు ఫోటో చూసి ఆ కుక్క వంక ఒక్కసారీ చూడలేదు.

పుస్తకం మూయకుండానే తువ్వాలు భుజాన వేసుకుని మడికి నీళ్ళు కట్టడానికి వెళ్ళిపోయాడు. సాయంత్రం వచ్చాక ఆ బొమ్మ చేసినాయన ఎవరని అడిగాడు.