దోర్నకల్ బిషప్ అజరయ్య

దేవుని ముందు మానవులందరూ సమానులని క్రైస్తవ ధర్మం బోధిస్తుంది. కాని చరిత్రలో క్రైస్తవ సంఘాలు ఈ బోధను అన్ని వేళలా పాటించలేదు. క్రిస్టొఫర్ కాడ్రింగ్టన్ అనే ధనికుడు 1710లో మరణిస్తూ, బార్బడోస్ దీవిలోని తన చెరకు తోటలను ఎస్.పి.జి. అనే ఇంగ్లీషు మిషనరీ సంస్థకు రాసి ఇచ్చాడు. తోటలతో పాటు వాటిలో చాకిరీ చేసే ఆఫ్రికా బానిసలు కూడా ఆ సంస్థ సొత్తయ్యారు. 1834లో బ్రిటిషు సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయ్యే వరకు ఈ పద్ధతి సాగింది. తరువాతి కాలంలో అదే సంస్థ మన కడప, నంద్యాల ప్రాంతాలలో పేదలకు బడులు పెట్టింది.

బానిసత్వం పోయినా, తెల్లవారు అధికులనే భావం సంఘాలలో మిగిలిపోయింది. దానిని తెల్లవారి సభలోనే ప్రశ్నించిన భారతీయుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య.

అజరయ్య 1874 ఆగస్టు 17న తమిళనాడులోని తిరునల్వేలి ప్రాంతంలో వెళ్ళాళన్‌విళై గ్రామంలో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగం గ్రామ గురువు. తల్లి ఎలెన్. వారిది నాడార్ కులం. ఆ రోజులలో నాడార్లను అనేక దేవాలయాలలోకి రానిచ్చేవారు కారు. చిన్నచూపు ఎంత బాధిస్తుందో ఆ సమాజం అనుభవించి ఎరుగును.

మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిన తరువాత అజరయ్య వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా ఊరూరా తిరిగారు. 1909లో గురువుగా అభిషేకం పొంది, నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు వచ్చారు. అక్కడి ప్రజల కొరకు తెలుగు నేర్చుకున్నారు.

1910లో స్కాట్లండులోని ఎడింబరో నగరంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1,200 మంది ప్రతినిధులలో ఆసియావారు ఇరవై మందికి మించలేదు. వారిలో అజరయ్య ఒకరు. మిషనరీల త్యాగాన్ని ఆయన కృతజ్ఞతతో స్మరించారు. అయితే వారు భారతీయ సహోద్యోగులను తమతో సమానంగా చూడడం లేదనీ, తమ బల్లపై భోజనానికి పిలవడం లేదనీ నిర్భయంగా చెప్పారు. దానధర్మాలకంటె స్నేహం మిన్న అని, తమకు కావలసింది ఆ స్నేహమేనని కోరారు. ఆ మాటలు విని కొందరు మెచ్చుకున్నారు; కొందరు ఆగ్రహించారు.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ కెథడ్రల్‌లో అజరయ్య బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. భారతీయుని కింద పనిచేయడం ఇష్టంలేని కొందరు తెల్లవారు ఆ నియామకాన్ని వ్యతిరేకించారు. మద్రాసు బిషప్ వైట్‌హెడ్ మాత్రం ఆయనకు అండగా నిలిచారు.

దోర్నకల్‌లో అజరయ్యకు ఇంకొక పరీక్ష ఎదురైంది. అక్కడ సంఘంలో చేరినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ కులాల నిరుపేదలు. ఊరివారు ఇరువురినీ అంటరానివారుగానే చూసేవారు. అయినా ఆ రెండు కులాలవారు ఒకరి ఇంట ఒకరు భోజనం చేసేవారు కారు. సంఘంలో చేరిన తరువాత కూడా ఆ దూరం తొలగలేదు. తెల్లవారిని అడిగిన సమానత్వాన్ని అజరయ్య ఇప్పుడు తనవారి మధ్య నెలకొల్పవలసి వచ్చింది. ఇది మొదటి పనికంటె కష్టమైనది. ఎదుటివారి తప్పును ఎత్తి చూపినంత తేలికగా మనవారి తప్పును సరిదిద్దలేము కదా!

ఆయన ఎద్దుబండిపై పల్లెలు తిరిగి, అందరూ కలిసి ఆరాధించాలనీ, ఒకే గిన్నెలోని ద్రాక్షారసం పంచుకోవాలనీ బోధించారు. ఇరు కులాల పిల్లలకు చదువు చెప్పించారు. వారిలో నుండి ఉపాధ్యాయులు, గురువులు తయారయ్యారు. దోర్నకల్‌లో ఆయన కట్టించిన కెథడ్రల్ 1939లో ప్రారంభమైంది. అందులో హిందూ, ముస్లిం, క్రైస్తవ శిల్పరీతులు కలిసి కనిపిస్తాయి.

అజరయ్య 1945 జనవరి 1న దోర్నకల్‌లో మరణించారు. అప్పటికి ముప్పై రెండేళ్ళు గడిచినా, దేశంలో ఒక డయోసిస్‌కు అధిపతిగా ఉన్న భారతీయ ఆంగ్లికన్ బిషప్ ఆయన ఒక్కరే. మార్పు ఎంత నెమ్మదిగా వస్తుందో దీనిని బట్టి గ్రహించవచ్చు. ఆయన పాటుపడిన సంఘాల ఐక్యత 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా రూపుదాల్చింది. బెంగళూరులో మనం చూసే సెయింట్ మార్క్స్ కెథడ్రల్ ఆ సంఘానికి చెందినదే.

నేటికీ పెళ్ళి సంబంధాల వేళ అనేక క్రైస్తవ కుటుంబాలలో కులం ప్రస్తావన వస్తూనే ఉంది. అజరయ్య ప్రారంభించిన పని ఇంకా పూర్తి కాలేదు. పైవారి నుండి గౌరవం కోరే ప్రతివాడూ తన పక్కవానికి ఆ గౌరవం ఇచ్చిననాడే అది పూర్తవుతుంది.