అనీ బిసెంట్

అనీ బిసెంట్ (అక్టోబర్ 1, 1847 - సెప్టెంబర్ 20, 1933) లండనులో జన్మించి భారతదేశాన్ని కర్మభూమిగా చేసుకున్న సంఘ సంస్కర్త, రచయిత్రి, వక్త, దివ్యజ్ఞాన సమాజ అధ్యక్షురాలు. హోంరూల్ ఉద్యమ నాయకురాలిగా, 1917 కలకత్తా కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించిన మహిళగా ఈమె తెలుగువారికి సుపరిచితురాలు. పిల్లల సంరక్షణకు సంబంధించిన రెండు ప్రసిద్ధ వ్యాజ్యాలు ఈమె జీవితంతో ముడిపడి ఉన్నాయి. మొదటిదానిలో ఈమె తల్లిగా తన కూతురిని కోల్పోయింది. రెండవదానిలో ఒక తెలుగు తండ్రి తన కుమారులను తిరిగి అప్పగించమని ఈమెపై దావా వేశాడు. పిల్లల క్షేమాన్ని నిర్ణయించడంలో న్యాయమూర్తుల విచక్షణ ఎంత దూరం పోగలదో ఈ రెండూ తెలియజేస్తాయి.

బాల్యము, వివాహము

ఈమె పుట్టింటి పేరు అనీ వుడ్. ఐదేళ్ళ వయసులో తండ్రి మరణించాడు. ఎలెన్ మారియట్ అనే విదుషీమణి ఈమెను పెంచి చదివించింది. 1867లో ఫ్రాంక్ బిసెంట్ అనే క్రైస్తవ మతాచార్యునితో వివాహం జరిగింది. వీరికి 1869లో కుమారుడు డిగ్బీ, 1870లో కుమార్తె మేబెల్ కలిగారు. పసిపాప మేబెల్ కోరింత దగ్గుతో ప్రాణాపాయ స్థితికి చేరినప్పటి నుండి అనీకి మతవిశ్వాసం సడలింది. చర్చిలో ప్రభు భోజన సంస్కారంలో పాల్గొనడానికి నిరాకరించడంతో దాంపత్యం చెడిపోయింది. 1873లో దంపతులు రాతపూర్వక ఒప్పందంతో విడిపోయారు. దాని ప్రకారం కుమారుడు తండ్రి వద్ద, కుమార్తె తల్లి వద్ద ఉండాలి.

ఇది విడాకులు కాదు. ఇంగ్లాండులోని 1857 చట్టం ప్రకారం భార్య వ్యభిచరిస్తే భర్త విడాకులు పొందవచ్చు. భార్యకు మాత్రం భర్త వ్యభిచారం ఒక్కటే చాలదు. దానితోపాటు క్రూరత్వం, విడిచిపెట్టిపోవడం వంటి మరొక దోషం కూడా నిరూపించాలి. ఆ మార్గం వీరిద్దరిలో ఎవరికీ అందలేదు.

కూతురిని కోల్పోవడం

1874లో అనీ బిసెంట్ చార్లెస్ బ్రాడ్లా నాయకత్వంలోని నేషనల్ సెక్యులర్ సొసైటీలో చేరింది. 1877లో వీరిద్దరూ సంతాన నియంత్రణను వివరించే చార్లెస్ నోల్టన్ పుస్తకాన్ని పునర్ముద్రించారు. అది అశ్లీలమని అభియోగం మోపి ఆరు నెలల జైలు శిక్ష, 200 పౌండ్ల జరిమానా విధించారు. అభియోగపత్రంలోని సాంకేతిక లోపం వలన 1878లో అప్పీలు కోర్టు ఆ శిక్షను కొట్టివేసింది.

శిక్ష తప్పినా కూతురు దక్కలేదు. నాస్తికురాలైన తల్లి పెంపకం బిడ్డకు తగదని ఫ్రాంక్ బిసెంట్ చాన్సరీ కోర్టుకు వెళ్ళాడు. 1873 నాటి చట్టం తల్లికి సంరక్షణ అప్పగించే ఒప్పందాలను గుర్తించింది. అయితే బిడ్డకు మేలు కాదని కోర్టు భావిస్తే అటువంటి ఒప్పందాన్ని అమలు చేయరాదని కూడా పేర్కొంది. ఏది మేలో చట్టం చెప్పలేదు. ఆ నిర్ణయం న్యాయమూర్తికే వదిలింది.

1878 మే నెలలో న్యాయమూర్తి సర్ జార్జ్ జెస్సెల్ ఎదుట ఈమె స్వయంగా వాదించింది. తల్లి బిడ్డను శ్రద్ధగా చూసుకొన్నదని ఆయన అంగీకరించాడు. అయినా ఈమె మతాభిప్రాయాలు, నోల్టన్ పుస్తక ప్రచురణ కారణంగా ఏడేళ్ళ మేబెల్‌ను తండ్రికి అప్పగించమని ఆదేశించాడు. స్కార్లెట్ జ్వరం నుండి ఇంకా పూర్తిగా కోలుకోని బిడ్డను తీసుకుపోయారు. 1879లో అప్పీలు కోర్టు కూడా ఈ తీర్పును సమర్థించింది. పిల్లలను చూసే అవకాశం లభించినా, ఆ కలయికలు వారికి బాధ కలిగిస్తున్నాయని ఈమె వాటిని మానుకొన్నది. యుక్తవయసు వచ్చాక ఇద్దరూ తల్లి వద్దకు తిరిగి వచ్చారు.

భారతదేశంలో

1889లో దివ్యజ్ఞాన సమాజంలో చేరి, 1893లో భారతదేశానికి వచ్చింది. 1898లో కాశీలో సెంట్రల్ హిందూ కళాశాలను స్థాపించింది. 1907లో సమాజ అధ్యక్షురాలైంది.

జిడ్డు నారాయణయ్య దావా

మదనపల్లెకు చెందిన జిడ్డు నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందాడు. భార్య సంజీవమ్మ 1905లో మరణించింది. 1909లో పిల్లలతో అడయారు చేరి సమాజంలో పనికి కుదిరాడు. అక్కడ ఆయన కుమారుడు కృష్ణమూర్తిని సి.డబ్ల్యు.లెడ్‌బీటర్ రాబోయే జగద్గురువుగా గుర్తించాడు. 1910 మార్చిలో నారాయణయ్య కృష్ణమూర్తి, నిత్యానందల సంరక్షణను అనీ బిసెంట్‌కు రాసి ఇచ్చాడు. తరువాత లెడ్‌బీటర్ సాంగత్యానికి అభ్యంతరం చెప్పి, 1912లో చెంగల్పట్టు జిల్లా కోర్టులో దావా వేశాడు. అప్పటికి బాలురు ఇంగ్లాండులో ఉన్నారు.

వ్యాజ్యం మద్రాసు హైకోర్టుకు బదిలీ అయింది. తండ్రి తరపున సి.పి.రామస్వామి అయ్యర్ వాదించాడు. అనీ బిసెంట్ ఇక్కడ కూడా స్వయంగా వాదించుకొన్నది. తండ్రి చేసిన తీవ్ర ఆరోపణలు రుజువు కాలేదు. అయినా 1913 ఏప్రిల్‌లో జస్టిస్ బేక్‌వెల్ బాలురను తండ్రికి అప్పగించమని తీర్పు ఇచ్చాడు. అదే సంవత్సరం హైకోర్టులో అప్పీలు కూడా వీగిపోయింది.

1914 మే నెలలో ప్రీవీ కౌన్సిల్ ఈ తీర్పులను రద్దు చేసింది. తండ్రి సహజ సంరక్షకుడనీ, ఇతరులకు అప్పగించిన సంరక్షణను సాధారణంగా ఉపసంహరించుకోవచ్చనీ అది అంగీకరించింది. అయితే ఆ ఉపసంహరణ పిల్లలకు కీడు చేస్తుందా అన్నది కోర్టు చూడవలసి ఉంటుందని చెప్పింది. బాలురు చెంగల్పట్టు జిల్లా నివాసులు కానందున అక్కడి కోర్టుకు అధికార పరిధి లేదనీ, వారి క్షేమాన్ని సరిగా పరిశీలించలేదనీ నిర్ణయించింది. సి.పి.రామస్వామి అయ్యర్ తరువాత హోంరూల్ ఉద్యమంలో ఈమెకు సన్నిహిత సహచరుడయ్యాడు. కృష్ణమూర్తి 1929లో తన పేరిట నడుస్తున్న సంఘాన్ని రద్దు చేసి జగద్గురు పదవిని నిరాకరించాడు.

ప్రాముఖ్యత

1878లో బిడ్డ మేలు అంటే తండ్రి మతంలో పెరగడమని కోర్టు భావించింది. 1914లో అదే మాట తండ్రి హక్కుకు హద్దు అయింది. మొదటి తీర్పు వలన తల్లి, రెండవ తీర్పు వలన తండ్రి పిల్లలకు దూరమయ్యారు. ఇంగ్లాండులో 1886 చట్టం తల్లి కోరికను పరిగణించే అధికారం కోర్టులకిచ్చింది. 1925 చట్టం పిల్లల క్షేమమే ప్రధానమని నిర్దేశించింది. భారతదేశంలోని 1890 సంరక్షకుల చట్టం మైనరు వయసు, మతం, సంరక్షకుని నడవడి, తెలివి వచ్చిన పిల్లలైతే వారి ఇష్టం మొదలైనవి చూడమంటుంది. వాటిలో దేనికెంత విలువ ఇవ్వాలో నేటికీ న్యాయమూర్తి విచక్షణకే వదిలింది.

అనీ బిసెంట్ 1915లో మదనపల్లెలో కళాశాలను స్థాపించింది. అది నేటికీ ఈమె పేరుతోనే ఉంది. 1933 సెప్టెంబర్ 20న అడయారులో మరణించింది.