తైచీ ఓనో చరిత్రము

విద్యార్థులారా! వేసవి సెలవులు ముగిసి పాఠశాలలు తెరచు దినములలో మన కోఠిలోని పుస్తకముల అంగళ్లను మీరు చూచియే యుందురు. తెలివిగల వర్తకుడు ఎన్ని పుస్తకములు అమ్ముడుపోయెనో అన్నియే తిరిగి తెప్పించును. ముందుచూపు లేక గదినిండ పేర్చినవాని సొమ్ము ఆ కట్టలలోనే చిక్కుకొనును. పాఠ్యపుస్తకములు మారిన యేట అవి చిత్తుకాగితముల ధరకు పోవును. అంగడిలోని యీ న్యాయమును మోటారుబండ్ల కార్ఖానాలో నెలకొల్పిన జపాను దేశస్థుడు తైచీ ఓనో.

ఇతడు 1912వ సంవత్సరము ఫిబ్రవరి 29వ తేదీన, నాడు జపానువారి యేలుబడిలో నుండిన చైనాదేశపు దాలియన్ నగరమున జన్మించెను. నగోయాలో యంత్రశాస్త్రము నభ్యసించి, 1932లో టొయోడా వారి నూలు, నేత మిల్లులో చేరెను. ఆ వంశమునకు కీర్తి తెచ్చిన సకీచీ టొయోడా, పోగు తెగినతోడనే తనంతట తానే నిలిచిపోవు మగ్గమును నిర్మించినవాడు. తెగిన పోగుతో ఎంత నేసినను నష్టమే యని మన నేతగాండ్రును ఎరుగుదురు. తప్పు కనబడినచోటనే పని నాపవలెనను పాఠమును ఓనో ఆ మగ్గములవద్ద నేర్చెను.

1943లో అతడు టొయోటా మోటారు కార్ఖానాకు మారెను. దానిని స్థాపించినవాడు సకీచీ కుమారుడు కీచిరో. కావలసిన వస్తువు కావలసినప్పుడు కావలసినంతయే అందవలెనని కీచిరో సంకల్పము. కాని యుద్ధానంతరమున దేశము దరిద్రమయ్యెను. బండ్లు అమ్ముడుపోక సంస్థ అప్పులపాలయ్యెను. 1950లో అనేకులు కొలువులు కోల్పోయిరి, సమ్మె జరిగెను, కీచిరో తన పదవిని విడిచెను. 1952లో అతడు మరణించెను. కొనువారు లేని సరకు ఎందరి జీవనమును హరింపగలదో ఓనో ప్రత్యక్షముగా చూచెను.

అమెరికాలోని పెద్ద అంగళ్లలో కొనువారు తీసికొన్నంతయే తిరిగి అరలలో నింపుదురని అతడు వినియుండెను. 1956లో వానిని స్వయముగా చూచెను. ఈ రీతినే కార్ఖానాలో ప్రతి విభాగమును తన తరువాతి విభాగమును కొనువానిగా భావించునట్లు చేసెను. భాగములుంచిన పెట్టెకు చీటి యొకటి తగిలింతురు. ఏ భాగము, ఎన్ని, ఎచ్చటికి అనునవి దానిపై నుండును. భాగములు తీసికొనినప్పుడు చీటి వెనుకటి విభాగమునకు పోవును. వారు అందులోనున్నంతయే చేయుదురు. చీటి రానిదే చేయరాదు. చెడిన భాగమును ముందుకు పంపరాదు. ఈ చీటికే కన్బన్ అని పేరు. 1953లో యంత్రశాలలో ఆరంభమైన యీ పద్ధతి 1962 నాటికి సంస్థ యంతట వ్యాపించెను.

ఇది సులభముగా సాగలేదు. ఒకే యంత్రమునకు అలవాటుపడిన నిపుణులు పలు యంత్రములను చూడవలసివచ్చి ఎదిరించిరి. ఈ పద్ధతి పనివారికి ఊపిరాడనీయదను విమర్శ తరువాతను కలదు, దానిని త్రోసిపుచ్చరాదు. అయినను నిలువలు తగ్గినకొలది, అవి కప్పియుంచిన లోపములు బయటపడెను. రెండు మూడు గంటలు పట్టిన అచ్చుల మార్పు 1960వ దశకాంతమునకు మూడు నిమిషములకు దిగెను. అక్కరకు మించి చేయుట, ఊరక వేచియుండుట, మోయుట, అనవసరపు పని, నిలువ, వృథా కదలిక, చెడిపోయిన వస్తువు అని వ్యర్థమును ఏడు విధములుగా అతడు విభజించెను. వీనిలో మొదటిదే తక్కినవానికి తల్లి యని అతని యభిప్రాయము.

1973లో నూనె ధరలు మండిపోయి సంస్థలు తల్లడిల్లినప్పుడు, ఇతరులకంటె త్వరగా కోలుకొనిన టొయోటావైపు జపానంతయు చూచెను. ఓనో 1978లో తన పద్ధతిని గ్రంథముగా వెలువరించి, 1990 మే 28వ తేదీన కాలధర్మము నొందెను.

బాలబాలికలారా! ఎక్కువ చేయుటయే శ్రమశీలతయని మనము తలంతుము. అడుగని వస్తువును చేయక నిలువగలుగుటయు శ్రమశీలతయే. తప్పును గుట్టక్రింద దాచక, కనబడిననాడే దిద్దుకొనువాడు తన సొమ్మునే గాక తోడివారి కూటిని సైతము కాపాడును.