మొదటి పాఠముల గురువు: కార్ల్ చెర్నీ

క్రొత్తగా పియానో నేర్చుకొనువారి యెదుట నేటికిని తరచుగ నొక పుస్తకము తెరచియుండును. అందలి తొలి పాఠములలో పాట యని చెప్పదగినది కొంచెమే. అయిదు స్వరములు, అయిదు వ్రేళ్ళు, తప్పని లెక్క, అంతియే. మన దేశమున సంగీతము నేర్చు బాలురకు సరళి వరుసలు, జంట వరుసలు ఎట్టివో, పియానో నేర్చువారికి ఈ పాఠములట్టివి. పిల్లలు వీనిని చూచి విసుగుచెందుట మేమెరుగుదుము. అయితే ఈ పాఠములను కూర్చిన కార్ల్ చెర్నీ తానును చిన్నతనమున నిట్టివానిని మొదటినుండి మరల నేర్చుకొనవలసివచ్చెనను సంగతి పలువురెరుగరు.

చెర్నీ 1791వ సంవత్సరము ఫిబ్రవరి 21వ తేదీన ఆస్ట్రియా రాజధానియగు వియన్నాలో జన్మించెను. తండ్రి పియానో బోధకుడు. తల్లిదండ్రులకు ఇతడొక్కడే సంతానము. మూడేండ్లకే పియానోమీద చేయివేసిన యీ బాలుడు, పదియేండ్లవాడగునప్పటికి గొప్ప విద్వాంసుల కృతులను కాగితము చూడకయే వాయింపగలిగెను.

ఆ కాలమున వియన్నాలో బీథోవెన్ కీర్తి వ్యాపించుచుండెను. క్రుంఫోల్జ్ అను ఫిడేలు విద్వాంసుడు తండ్రికొడుకులను వెంటబెట్టుకొని అతని యింటికి కొనిపోయెను. కాగితములును బట్టలును చిందరవందరగ పడియున్న గదిలో, గడ్డము పెరిగియున్న ఆ మహావిద్వాంసుని యెదుట బాలుడు మొదట మోజార్టు కృతి నొకదానిని, పిమ్మట బీథోవెన్ స్వయముగ రచించిన పథెటిక్ సొనాటాను వాయించెను. బీథోవెన్ మెచ్చి, అతనిని శిష్యునిగ గైకొనెను.

అయితే మొదటి పాఠములందు అతడు నేర్పినవి కృతులు కావు; అన్ని శ్రుతులలోను స్వరముల ఆరోహణావరోహణములు మాత్రమే. చేతి నుంచు తీరు, వ్రేళ్ళను వంచు తీరు, ముఖ్యముగ బొటనవ్రేలి వాడుక. ఎనిమిది స్వరముల వరుసను అయిదు వ్రేళ్ళతో తెగకుండ వాయింపవలెనన్నచో, సాధారణమైన వరుసలో కుడిచేతి బొటనవ్రేలు మూడు స్వరములైన పిమ్మట అరచేతి క్రిందుగ జారి నాలుగవ మెట్టు నందుకొనవలెను. ఆ దినములలో ఈ యుపాయము చాలమందికి తెలియదు. పథెటిక్ వాయించిన బాలుడు మరల ఓనమాలు దిద్దవలసివచ్చెను, సిగ్గుపడక దిద్దెను.

చెర్నీ సభలలో వాయించి పేరు గడింపగలవాడే. బీథోవెన్ రచించిన అయిదవ పియానో కన్చెర్టోను 1812లో వియన్నా సభయందు మొదటిసారి వాయించినవాడతడే. అయినను ఆడంబరము అతని స్వభావము కాదు. పదునైదవ యేటనే బోధకుడై, 1836 వరకు దినమునకు పది పండ్రెండు గంటలు పాఠములు చెప్పి, మిగిలిన వేళలందు రచనలు సాగించెను.

1819లో హంగేరీనుండి ఒక తండ్రి తన యెనిమిదేండ్ల కుమారుని అతనియొద్దకు తెచ్చెను. బాలుడు పాలిపోయిన ముఖముతో పీటమీద తూలుచు, వ్రేళ్ళను ఇచ్చవచ్చినట్లు విసరుచు వాయించెను; లయ నిలువలేదు. అయినను వానియందలి ప్రతిభను చూచి చెర్నీ అబ్బురపడెను. అతడే ఫ్రాంజ్ లిస్ట్. 1822లో ఆ కుటుంబము వియన్నా చేరగా, చెర్నీ తాను బాల్యమున చేసిన ఆ స్వరసాధననే వానిచే చేయించి, లయను చక్కపరచెను. కొలదికాలమునకే జీతము పుచ్చుకొనుట మానెను.

చెర్నీ రచనల సంఖ్య 861 వరకు పోయినది. వానిలో 599వది ప్రారంభకులకై కూర్చిన నూరు పాఠముల పుస్తకము. చేయి కదలనక్కరలేని అయిదు స్వరములతో నారంభించి, తరువాత బొటనవ్రేలిని జార్చుట నేర్పును. పల్లెయందున్న బాలికకు వ్రాసినట్లుగ, పియానో సాధననుగూర్చి లేఖల రూపమున మరియొక గ్రంథమును రచించెను.

అతడు వివాహమాడలేదు. 1857 జూలై 15వ తేదీన వియన్నాలోనే మరణించెను. ఉట్టి వ్రేళ్ళ సాములు వ్రాసినవాడని కొందరతనిని చులకన చేసిరి. కాని 1852లో లిస్ట్, మహావిద్వాంసులకే కష్టసాధ్యములైన తన పండ్రెండు సాధనకృతులను ప్రకటించినప్పుడు, వానిని అంకితమిచ్చినది ఈ చెర్నీకే.

విద్యార్థులారా, మొదటి పాఠమునకు మరల పొమ్మని ఉపాధ్యాయుడు చెప్పినప్పుడు మీ ముఖములు చిన్నబోవుటను మేము చూచుచున్నాము. బీథోవెన్ యెదుట కూర్చున్న ఆ పదియేండ్ల బాలుని అప్పుడు తలచుకొనుడు.