మంచం మీద ముప్ఫై ఏళ్లు
హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)

ఏళ్ల తరబడి మంచానపడిన మనిషి లేని ఊరు ఉండదు. మన వట్లూరులోనైనా, కొల్లేటి లంకల్లోనైనా పరామర్శకు వెళ్తే రోగి నోట ఎక్కువగా వినబడేది నొప్పి గురించి కాదు. నిలబడి నమాజు చేయలేకపోతున్నానని, శుభ్రతకు కూడా కోడలి మీదో కొడుకు మీదో ఆధారపడుతున్నానని, ఇంటికి భారమైపోయానని. దైవప్రవక్త (స) సహచరులలో ఒకరు అలాంటి స్థితిలోనే సుమారు ముప్ఫై ఏళ్లు గడిపారు.

ఆయన ఖుజాఆ తెగకు చెందిన హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి). ఖైబర్ యుద్ధం జరిగిన హిజ్రీ 7వ సంవత్సరం (క్రీ.శ. 628)లో ఇస్లాం స్వీకరించారు. మరుసటి ఏడు మక్కా విజయం నాడు తన తెగ జెండా మోశారు. హజ్రత్ ఉమర్ (రజి) ఆయన్ను బస్రా ప్రజలకు ధర్మం నేర్పడానికి పంపారు. అక్కడ కొంతకాలం ఖాజీగా ఉండి, తామే కోరి తప్పుకున్నారు. ముస్లింల మధ్య అంతఃకలహాలు చెలరేగినప్పుడు ఏ పక్షంలోనూ చేరలేదు.

ఆయనకు మొలల వ్యాధి ఉండేది. నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గుపడే జబ్బు. అయినా దాచుకోకుండా, నమాజు ఎలా చేయాలో నేరుగా దైవప్రవక్త (స)నే అడిగారు. నిలబడి చేయమని, చేతకాకపోతే కూర్చుని, అదీ సాధ్యం కాకపోతే పక్కకు ఒరిగి పడుకుని చేయమని ఆయన (స) బోధించారు. ఇది సహీహ్ బుఖారీలోని హదీసు. ఈనాడు మసీదులో కుర్చీ మీద నమాజు చేసే పెద్దలకూ, ఆసుపత్రి మంచం మీద తలతో సైగ చేసే రోగులకూ ఉన్న ముఖ్యమైన ఆధారాలలో ఇదొకటి. ఒక రోగి సిగ్గుపడి ఊరుకోనందువల్ల మనకు దక్కిన జ్ఞానమిది.

తర్వాత కడుపులో నీరు చేరే జబ్బు పట్టుకుంది. లేవలేరు, కూర్చోలేరు. ఖర్జూరపు మట్టల మంచానికి కాలకృత్యాల కోసం కంత చేశారని ఉల్లేఖనాల్లో ఉంది. చూడవచ్చిన శిష్యుడు ముతర్రిఫ్ (రహ్మలై) ఏడ్చేస్తే, రోగే ఆయన్ను ఓదార్చారు. అల్లాహ్‌కు ఏది ఇష్టమో తనకూ అదే ఇష్టమన్నారు. ఈ స్థితిలో చూడలేకనే రావడం లేదన్న వారికీ ఇదే జవాబు. మనలోనూ అలాంటి వారున్నారు. చూడలేకపోవడం మన బాధ. ఎవరూ రాకపోవడం రోగి బాధ. రెండోదే పెద్దది.

ఇంతటి సహనశీలి కూడా ఒక దశలో తట్టుకోలేకపోయారు. వాతలు పెట్టించుకోమని ఎందరు చెప్పినా ఏళ్ల పాటు వద్దన్నారు. దైవప్రవక్త (స) దానిని వారించారన్న హదీసును ఉల్లేఖించింది ఆయనే మరి. చివరికి మరణానికి రెండేళ్ల ముందు ఒప్పుకున్నారు. గుణం కనబడలేదు. అంతవరకు దైవదూతలు తనకు సలాం చేసేవారని, వాతల తర్వాత అది ఆగిపోయిందని ఆయన కుమిలిపోయారు. ఒంటి నొప్పి కంటే ఆ వెలితే ఆయన్ను ఎక్కువ బాధించింది. (దీన్నిబట్టి వైద్యమే కూడదని ఎవరూ అనుకోకూడదు. జబ్బుకు చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) స్వయంగా ఆదేశించారు. ఇక్కడి మాట వాతల వరకే.) వాతలు మానుకున్నాక ఆ సలాం తిరిగి వచ్చింది. ఈ సంగతిని ముతర్రిఫ్‌కు చెప్పి, తాను బతికుండగా ఎవరికీ చెప్పవద్దని మాట తీసుకున్నారు. సహీహ్ ముస్లింలో ఇది నమోదై ఉంది.

హిజ్రీ 52 (క్రీ.శ. 672)లో బస్రాలోనే కన్నుమూశారు. తన దేహాన్ని తలపాగాతో జనాజా మంచానికి కట్టి త్వరగా తీసుకువెళ్లమని, ఖననం చేసి తిరిగి వచ్చాక జిబహ్ చేసి అందరికీ భోజనం పెట్టమని ముందే వసీయత్ చేసి ఉంచారు.