మేరీ కార్పెంటరు

రాజా రామమోహనరాయలవారు 1833వ సంవత్సరము సెప్టెంబరు 27వ తేదీని బ్రిస్టలు పట్టణ సమీపమునందలి స్టేపుల్టనుగ్రోవు గృహమున పరమపదించిరి. ఆయనను బ్రిస్టలులో దర్శించి, యాయన మరణమునకు మిక్కిలి వగచిన వారిలో నిరువదియాఱేండ్ల కన్యక యొకతె యుండెను. రాయలవారి యాంగ్లదేశపు కడపటి దినముల చరిత్రమును 1866లో గ్రంథముగా ప్రకటించిన మేరీ కార్పెంటరు ఆమెయే. బ్రాహ్మమతస్థు లామె నీ గ్రంథమును బట్టియే యెక్కువగా నెఱుగుదురు. న్యాయవాదవృత్తిలో నున్న నాకు మాత్రము ఆమె జీవితమున వేఱొక భాగము ముఖ్యముగా దోచుచున్నది.

ఆమె 1807 ఏప్రిలు 3వ తేదీని ఎక్సెటరులో జన్మించెను. తండ్రి లాంటు కార్పెంటరు ఏకేశ్వరవాదియగు యూనిటేరియను మతబోధకుడు; 1817లో బ్రిస్టలునకు వచ్చెను. తన బడిలో మగపిల్లలతోపాటు కూతునకును లాటిను, గ్రీకు, గణితములు నేర్పెను.

ఆ కాలమున నింగ్లండు గ్రామములందు చిల్లర దొంగతనములను విచారించు మేజిస్ట్రేటులు జీతము లేనివారు; ప్రాయికముగా భూస్వాములు, ప్రభుత్వమతపు గురువులు. తోటలో పండు కోసినవాడును, కంచె విఱిచి వంటచెఱకు కొనిపోయినవాడును, కుందేలును పట్టినవాడును నిలువవలసినది వారి యెదుటనే. ఆ తోటయు, కంచెయు, కుందేలును ఒకప్పుడు న్యాయాధిపతి పొరుగువానివే! అట్టి విచారణలో పక్షపాతము లేకుండుట మనుష్యస్వభావమునకు మించిన పని. దొంగతనమైనచో బాలుడైనను క్వార్టరు సెషన్సు విచారణకు పోవలసినదే. ఆ కోర్టు సంవత్సరమునకు నాలుగుసార్లే కూడును. అంతవఱకు, జామీను దొరకని పిల్లవాడు జైలులో ముదిరిన దొంగల సాంగత్యమున కాలము గడుపుచుండెను. నేరము రుజువు కాకమునుపే విద్య పూర్తియగుచుండెను. 1847 నాటి చట్టము పదునాలుగేండ్లలోపు వారిని ఇద్దఱు మేజిస్ట్రేటులే విచారింపవచ్చునని యాలస్యమును మాన్పెను గాని, మూడు నెలలకు మించని ఖైదు, మూడు పౌనులకు మించని జుల్మానా, మగపిల్లలకు బెత్తపు దెబ్బలు తప్ప వేఱు దారి చూపలేదు.

మేరీ 1846లో బ్రిస్టలు మురికివాడయందు చింకిగుడ్డల పిల్లలకై బడి పెట్టెను. అచ్చటనే ఆమెకు దొంగపిల్లల బ్రతుకు తెలిసినది. జైలు బాలుని మార్చజాలదనియు, గృహమువంటి పాఠశాలయే మార్చగలదనియు 1851లో గ్రంథము వ్రాసెను. మఱుసటి సంవత్సరము పార్లమెంటు సంఘమునెదుట సాక్ష్యమిచ్చెను. ఆ 1852లోనే బ్రిస్టలు చేరువ బొగ్గుగనులవారి గ్రామమగు కింగ్సువుడ్డులో, వెస్లీ స్థాపించిన పూర్వపు పాఠశాలాభవనమున, రిఫార్మేటరీని తెఱచెను. పని సుఖముగా సాగలేదు. పిల్లలు పారిపోవుచుండిరి, వారిని నిలిపియుంచుటకు చట్టరీత్యా నధికారము లేదు. బాలురను బాలికలను ఒక్కచోట నుంచుట పొరపాటని గ్రహించి, 1854లో బైరను ప్రభుని భార్య ద్రవ్యసహాయముతో బాలికలకు రెడ్డులాడ్జియను వేఱు గృహము నేర్పఱచెను. తన పొరపాటును దిద్దుకొనుటకు వెనుదీయకుండుట సంస్కర్తలలో నరుదు.

ఆ సంవత్సరమే పార్లమెంటు చట్టము చేసెను. పదునాఱేండ్లలోపు నేరస్థులను రెండు మొదలు ఐదేండ్లవఱకు రిఫార్మేటరీకి పంపవచ్చును. కాని యందొక ముల్లు మిగిలినది: ముందుగా పదునాలుగు దినములకు తక్కువకాకుండ జైలుశిక్ష ననుభవింపవలెను. తప్పుచేసినవానికి శిక్ష లేక చదువే లభించినచో, తప్పు చేయని పేదల పిల్లలకు అన్యాయమగునని యా నియమమును సమర్థించినవారి వాదము. వాదము చెవికింపుగనే యున్నది. అయినను జైలుముద్ర పడిన పిల్లవానికి పిమ్మట పని యిచ్చువారెవరు? మేరీ యీ నియమమును తుదివఱకు ప్రతిఘటించెను.

1866 మొదలు నాలుగుమాఱులు మన దేశమునకు వచ్చి, స్త్రీవిద్యను గూర్చియు, జైళ్లను గూర్చియు ప్రసంగించెను. మొదటి యాత్రలో చెన్నపట్టణమును జూచెను. కడపటి యాత్ర ముగిసిన 1876లోనే ఇండియా ప్రభుత్వము రిఫార్మేటరీ పాఠశాలల చట్టము గావించెను. అందు బాలుని జైలుశిక్షకు మాఱుగా పాఠశాలకు పంపవచ్చునని యుండెనే గాని, ముందు జైలు చూడవలెనని లేదు. ఆమె 1877 జూను 14వ తేదీని బ్రిస్టలులో మరణించెను. ఇంగ్లండులో నా పదునాలుగు దినముల నియమము 1893లో సడలి, 1899లో గాని రద్దు కాలేదు.